బాలానగర్ షెడ్డులో విష్‌బోన్ల పని: ఏది వాళ్లకు వదిలేయచ్చు, ఏది మనమే చూసుకోవాలి

బాలానగర్‌లో నర్సాపూర్ చౌరస్తా దాటి లోపలి గల్లీల్లోకి వెళ్తే వచ్చే ఈ షెడ్డుకి బోర్డు లేదు. "ఆర్గాన్ మేస్త్రి షెడ్డు ఎక్కడ?" అని పక్కన లేత్ షాపులో అడిగితే చూపిస్తారు. రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషిన్, రెండు టిగ్ సెట్లు (ఆర్గాన్ వాయువుతో చేసే వెల్డింగు), ఒక సీఓటూ సెట్టు ఉన్నాయి. రోజూ వచ్చే పని ఎక్కువగా ఫార్మా కంపెనీల స్టెయిన్‌లెస్ పైపింగు. సన్నగోడ పైపుని లోపలి దాకా శుభ్రంగా వెల్డు చేయడం అలవాటైన చేతులు కాబట్టే సస్పెన్షన్ పనికి ఈ షెడ్డు బాగా నప్పుతుంది. గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డరు దగ్గరికి విష్‌బోన్ (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే 'A' ఆకారపు చేయి) తీసుకెళ్లడానికీ, ఇక్కడికి తీసుకురావడానికీ ఉన్న తేడా అదే.

చేయించిన పని ఇది. 1957 నాటి లోటస్ సెవెన్ తరహాలో ఇంట్లో కట్టుకుంటున్న రెండు సీట్ల కారు, డ్రైవరుతో కలిపి 650 కిలోలు. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్. పై చేతులు నాలుగు, కింది చేతులు నాలుగు, వాటికి 16 బంగులు (ట్యూబు కొసలో దూర్చి వెల్డు చేసే, లోపల థ్రెడ్డు ఉన్న ముక్కలు), 8 బేరింగు హౌసింగులు (బేరింగు కూర్చునే గుండ్రటి గూళ్లు), ఛాసిస్‌కి వేసే 16 బ్రాకెట్లు, రెండు ఫిక్స్‌చర్లు (వెల్డు చేసేటప్పుడు ముక్కల్ని సరైన చోట పట్టి ఉంచే చట్రాలు). ముందూ వెనకా కొలతలు ఒకటే ఉండేలా డ్రాయింగు గీశాం కాబట్టి పై చేతికి ఒకటి, కింది చేతికి ఒకటి ఫిక్స్‌చర్ సరిపోయింది.

ముందే చెప్పాల్సింది ఒకటుంది. ట్యూబు కోత, వెల్డింగు, ఫిక్స్‌చర్ విషయంలో ఈ షెడ్డుని నమ్మచ్చు. డిజైన్ విషయంలో మాత్రం వాళ్లు ఒక్క ప్రశ్న కూడా అడగరు. కాగితం మీద ఏది ఉంటే అదే చేస్తారు, డ్రాయింగులో తప్పుంటే ఆ తప్పుతోనే పార్టు తయారవుతుంది. అందుకే కాగితం ఇచ్చేముందు సరిచూసుకోవాల్సిన ముఖ్యమైన చోటు గురించి ముందుగా రాస్తున్నాను.

అది కింది చేతి మొన. అంటే రెండు ట్యూబులు కలిసే చోట, అప్‌రైట్‌ని (చక్రం బిగించే నిలువు ముక్కని) పట్టుకునే కొస. చాలామంది డ్రాయింగుల్లో ఇక్కడ ఒక బంగు పెట్టి, అందులోకి ఎం12 రాడ్ ఎండ్ (ఒక కొసన బాల్ ఉన్న కన్ను, రెండో కొసన థ్రెడ్డు కాడ) తిప్పేస్తారు. చూడ్డానికి సులువు, క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం) కూడా అక్కడే మార్చుకోవచ్చు అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. గట్టిగా బ్రేకు వేస్తే ఈ బరువు కారులో ఒక్కో ముందు టైరు దగ్గర రోడ్డు వెనక్కి నెట్టే బలం సుమారు 250 కిలోలు. కింది జాయింటు నేల నుంచి 170 మి.మీ., పై జాయింటు 400 మి.మీ. ఎత్తులో ఉన్నాయనుకుందాం, మధ్య దూరం 230. బ్రేకు చక్రం దగ్గరే ఉంది కాబట్టి అప్‌రైట్ మీటలా పనిచేస్తుంది. కింది జాయింటు మీద 250ని 400తో గుణించి 230తో భాగిస్తే వచ్చేంత, అంటే సుమారు 435 కిలోలు వెనక్కి పడుతుంది. పై జాయింటుని 185 కిలోలు ముందుకి లాగుతుంది.

ఇప్పుడు ఆ 435 కిలోలు రాడ్ ఎండ్ కాడకి అడ్డంగా పడుతున్నాయి. బాల్ మధ్య నుంచి లాక్ నట్టు దాకా 30 మి.మీ. దూరం ఉంటే, ఎం12 థ్రెడ్డు అడుగు వ్యాసం 9.85 మి.మీ. దగ్గర వంగుడు ఒత్తిడి 1,350 మెగాపాస్కల్స్ పైనే. 12.9 గ్రేడ్ బోల్టు తెగిపోయే హద్దే 1,200. రాడ్ ఎండ్ ఎంత ఖరీదైనదైనా ఇక్కడ నిలవదు. ఇది లెక్కలో మాత్రమే ఉన్న భయం కాదు: ఇలా కట్టిన కార్లలో కింది రాడ్ ఎండ్ కచ్చితంగా లాక్ నట్టు అంచు దగ్గర, మొదటి థ్రెడ్డులోనే తెగుతుంది. తెగిన క్షణంలో చక్రం వెనక్కి మడుచుకుపోతుంది.

కాబట్టి మొనలో స్ఫెరికల్ బేరింగుని హౌసింగులో కూర్చోబెట్టి, అప్‌రైట్ పిన్ను నిలువుగా దూరేలా గీయండి. లేదా డోనర్ కారు (పార్టుల కోసం విప్పే పాత కారు) బాల్ జాయింటుని ప్లేటుకి బోల్టు చేయండి. రాడ్ ఎండ్లు ఛాసిస్ వైపు పెట్టండి. అక్కడ బలం కాడ పొడుగునా, తోపుడుగానో లాగుడుగానో పడుతుంది. అదే బ్రేకు బలానికి కింది చేతి ఒక్కో కాలులో వచ్చేది సుమారు 560 కిలోలు (చేయి పొడవు 330, ఛాసిస్ దగ్గర వెడల్పు 280 మి.మీ. అనుకుంటే). 25.4 మి.మీ. ట్యూబు, 2.5 మి.మీ. గోడకి అది కేవలం 30 మెగాపాస్కల్స్. మైల్డ్ స్టీలు సాగడం మొదలయ్యేది 250 దగ్గర. ట్యూబు ఎప్పుడూ పెద్ద సమస్య కాదు, కొసల్లోనే ప్రాణం ఉంటుంది. ఒక్క మినహాయింపు షాక్ అబ్జార్బర్ బ్రాకెట్. అది కింది చేతి మధ్యలో పడితే ట్యూబు వంగుడుకి గురవుతుంది. మొనకి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా పెట్టాలి.

ట్యూబు మనమే కొని తీసుకెళ్లాలి, షెడ్డు వాళ్లు తెస్తే ఏది దొరికితే అది తెస్తారు. రాణిగంజ్‌లో "ఒక ఇంచు పైపు" అని అడిగితే నీళ్ల పైపు ఇస్తారు. దాని బయటి వ్యాసం 33.7 మి.మీ., 25.4 కాదు. నీళ్ల పైపుల్లో ఇంచు అనేది లోపలి దారి పేరు మాత్రమే. "25.4 ఓడీ, 2.5 వాల్, సీడీఎస్ సీమ్‌లెస్" అని అడగండి (ఓడీ అంటే బయటి వ్యాసం, వాల్ అంటే గోడ మందం, సీడీఎస్ అంటే అతుకు లేకుండా చల్లగా లాగిన ట్యూబు), వెర్నియర్ జేబులో పెట్టుకుని వెళ్లండి, రెండు కొసల్లోనూ గోడ కొలవండి. జింకు పూసిన పైపు ఏ ధరకి వచ్చినా వద్దు. జింకు పొగ ఊపిరితిత్తులకి చెడ్డది, వెల్డులో బుడగలు కూడా పెడుతుంది. ఎనిమిది చేతులకి, కోతలో పోయేది కలుపుకుని, 6 మీటర్ల పొడవు ఒకటి చాలదు. రెండు తీసుకోండి. మిగిలినది వెల్డింగు సెట్టింగు చూసుకోవడానికి పనికొస్తుంది.

బంగుల విషయంలో షెడ్డు అలవాటుని మార్చాల్సి వచ్చింది. టర్నింగుకి బాగా కోసుకుపోతుందని వాళ్లు ఈఎన్1ఏ రాడ్డు వాడతారు. అందులో గంధకం ఎక్కువ, లెడ్ కలిపిన రకం కూడా ఉంటుంది. వెల్డు చేస్తే వేడి మీదే మధ్యలో సన్నగా చీలుతుంది, పైకి కనపడదు కూడా. రెండో అలవాటు ఈఎన్8. గట్టిదే కానీ కార్బన్ 0.35 నుంచి 0.45 శాతం. ముందుగా వేడి చేయకుండా వెల్డు చేసి గబుక్కున చల్లారనిస్తే వెల్డు పక్కన పెళుసుగా మారుతుంది. బంగుకి అంత గట్టిదనం అక్కర్లేదు. మామూలు మైల్డ్ స్టీలు బ్రైట్ బార్ ఇచ్చి "ఇదే వాడండి" అని రాడ్డు మీద పెయింటుతో రాసి పెట్టండి. ర్యాకులో అన్ని రాడ్లూ ఒకేలా కనిపిస్తాయి.

బంగు కొలతలు మేము ఇచ్చినవి: ట్యూబు లోపలికి వెళ్లే భాగం 20.3 మి.మీ. వ్యాసం, 20 మి.మీ. పొడవు. భుజం 25.4, దాని అంచుకి 45 డిగ్రీల చాంఫర్ 2 మి.మీ. అది లేకపోతే వెల్డు పైపైనే కూర్చుంటుంది. డ్రిల్లు 10.2, ట్యాపు ఎం12 × 1.75. ట్యూబు మీద ఎదురెదురుగా రెండు 8 మి.మీ. రంధ్రాలు, వాటిలోంచి ప్లగ్ వెల్డు. థ్రెడ్డు చివర దగ్గర 2.5 మి.మీ. చూపు రంధ్రం ఒకటి. రాడ్ ఎండ్ కాడ కనీసం 15 మి.మీ. లోపలికి పోయిందో లేదో ఆ రంధ్రంలో సన్న తీగ పెట్టి చూసుకోవచ్చు. తీగ దూరిపోతే కాడ అక్కడిదాకా చేరలేదని అర్థం, ఆ అమరికతో కారు తీయకూడదు. వెల్డు అయ్యాక థ్రెడ్డు బిగుసుకుంటుంది కాబట్టి ట్యాపు మళ్లీ ఒకసారి నడపమని చెప్పండి. వాళ్ల దగ్గర కుడి ట్యాపు ఉంది, ఎడమ ట్యాపు లేదు. విష్‌బోన్లకి ఎడమ థ్రెడ్డు అవసరం రాదు, టై రాడ్లకీ వెనక టో లింకులకీ (చక్రాల దిశని పట్టి ఉంచే కడ్డీలకి) మాత్రం కావాలి. ఎడమ ట్యాపు, ఎడమ లాక్ నట్లు మీరే తెచ్చుకోండి.

ఇక ఈ షెడ్డు అసలు విలువ ఫిక్స్‌చర్‌లో ఉంది.

కింద 16 మి.మీ. ప్లేటు, పై ముఖం మిల్లు చేసినది. దాని మీద నిలబెట్టిన గుంజలు లేత్‌లో ఎత్తుకి తగ్గట్టు కోసినవి, ఒక్కోటి రెండు డోవెల్ పిన్నులతో, ఒక బోల్టుతో కూర్చుంటాయి. గుంజల్ని ప్లేటుకి నేరుగా వెల్డు చేయడం ఇక్కడ మేస్త్రికి ఇష్టం ఉండదు. వెల్డు చేస్తే ప్లేటే వంగుతుందని ఆయన మాట, అది నిజం కూడా. ఛాసిస్ వైపు రెండు కళ్లలోంచి ఒకే 12 మి.మీ. గ్రౌండ్ రాడ్డు దూరుతుంది. రెండూ ఒకే ఇరుసు మీద ఉన్నాయనడానికి అదే హామీ. రాడ్ ఎండ్ బాల్ కొంత వాలుని సర్దుకుంటుంది కానీ, ఆ రెండు కళ్లూ బాగా తేడాగా ఉంటే చేయి పైకీ కిందికీ ఆడేటప్పుడు పట్టేస్తుంది, రాడ్ ఎండ్ లైనరు త్వరగా అరుగుతుంది.

ఫిక్స్‌చర్‌లో నిజమైన రాడ్ ఎండ్లు వాడకూడదు. వెల్డు వేడికి లోపలి టెఫ్లాన్ లైనరు పాడవుతుంది, కరెంటు బాల్ గుండా పోయి చుక్కలు పడతాయి. వాటి బదులు డమ్మీలు: ఎం12 కాడ ఉన్న స్టీలు ముక్క, తల వెడల్పు 16 మి.మీ., మధ్యలో 12 రంధ్రం. రెండు డమ్మీలు మేము అడగకుండానే చేశారు, వాటికి డబ్బు తీసుకోలేదు. మొన దగ్గర హౌసింగుకి డమ్మీగా అల్యూమినియం గుండు ఒకటి. అది వేడిని లాగేసుకుంటుంది, హౌసింగు కోడిగుడ్డు ఆకారంలోకి పోకుండా కొంతవరకు ఆపుతుంది.

పని వరస కూడా మెచ్చుకోదగ్గది. ముందు బంగుని ట్యూబుకి వెల్డు చేస్తారు, ఆ కుంచించుకోవడం పూర్తయ్యాకే ట్యూబు రెండో కొసని కొలిచి మిల్లింగ్ మీద గుండ్రంగా నాచ్ (హౌసింగు వంపుకి సరిపోయే కోత) కొడతారు. ఇది తలకిందులుగా చేస్తే ప్రతి చేయీ అర మిల్లీమీటరు పొట్టిగా వస్తుంది. నాచ్ ఎండ్ మిల్లుతో కొట్టిస్తే హౌసింగుకీ ట్యూబుకీ మధ్య సందు దాదాపు ఉండదు. చేతి గ్రైండరుతో కొట్టిన నాచ్‌లో 1 నుంచి 2 మి.మీ. సందు ఉంటుంది, ఆ సందుని నింపిన కడ్డీ చల్లారుతూ ట్యూబుని తన వైపు లాగుతుంది. "గ్రైండరుతో అయిపోతది సార్, పది నిమిషాల పని" అని కుర్రాళ్లు అంటారు. వద్దని చెప్పి మిల్లింగ్ మీదే చేయించండి, అదనపు కూలీ ఇచ్చినా సరే.

తర్వాత ఫిక్స్‌చర్‌లో ఒక్కో జాయింటుకి నాలుగు ట్యాకులు (చిన్న చుక్క వెల్డులు), బయటికి తీసి కొలత, మళ్లీ లోపల బిగించి పూర్తి వెల్డు. ఒక జాయింటు చుట్టూ ఒకేసారి తిరగరు. ఎడమ కాలు మీద పావు చుట్టు, కుడి కాలు మీద పావు చుట్టు, తిరగేసి మళ్లీ అలాగే. 2.4 టంగ్‌స్టన్, 1.6 మి.మీ. ఈఆర్70ఎస్-2 కడ్డీ, 90 ఆంపియర్ల దగ్గర, ఆర్గాన్ నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు. వెల్డు వెడల్పు సమానంగా, అంచుల దగ్గర ట్యూబు గోడ కోసుకుపోకుండా వచ్చింది. ముందుగా పనికిరాని ముక్క మీద ఒక జాయింటు చేయించి, రంపంతో నిలువుగా రెండుగా కోయించి చూశాం: లోపలి మూల దాకా కరిగి ఉంది. ఎక్కడ పని ఇచ్చినా ఈ ఒక్క పరీక్ష తప్పకుండా చేయించండి, ఖర్చు దాదాపు ఏమీ లేదు.

షాక్ బ్రాకెట్‌ని ఆఖరున వేస్తారు. అది చేతికి ఒకే ముఖం మీద ఉంటుంది కాబట్టి చల్లారుతూ చేయి మొత్తాన్ని ఆ వైపుకి వంచుతుంది. ఫిక్స్‌చర్‌లోనే చల్లారాలి. తొందరపెట్టబోతే మేస్త్రి మాట ఇదీ: "ఇప్పుడే ఇప్పకుండ్రి సార్, గుంజుతది. చెయ్యి పెడితే కాలకుండ అయినంక ఇప్పుదాం." ఒక్కో చేతికి ముప్పావు గంట నుంచి గంట పట్టింది. వేడి ఇనుముని నీళ్లలో ముంచే అలవాటు ఈ షెడ్డులో లేకపోవడం పెద్ద ఊరట.

ఎనిమిదిలో ఒకటి మాత్రం తేడా వచ్చింది. మేస్త్రి లేని రోజు సాయంత్రం ఒక కింది చేతిని వేడిగా ఉండగానే తీసేశారు. మొన 1.6 మి.మీ. పక్కకి జరిగింది. మిగతా ఏడూ 0.3 నుంచి 0.7 మి.మీ. లోపలే ఉన్నాయి. తేడా చూపించగానే మారుమాట లేకుండా కొత్త ట్యూబుతో మళ్లీ చేశారు, డబ్బు అడగలేదు. జాకీ పెట్టి వంచి సరిచేస్తామని మొదట అన్నారు కానీ దానికి ఒప్పుకోవద్దు. వెల్డు పక్కన చల్లగా వంచిన ట్యూబులో చీలిక అక్కడే మొదలవుతుంది. పని తీసుకునేటప్పుడు ప్రతి చేతినీ మళ్లీ ఫిక్స్‌చర్‌లో పెట్టి చూడండి: పిన్నులు సుత్తి లేకుండా వేళ్లతో దూరాలి.

ఎండాకాలం పని ఇచ్చేవాళ్లకి ఒక మాట. రేకుల షెడ్డు, మే నెలలో లోపల నిలబడలేం, వెల్డరు వెనక పెడస్టల్ ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఆ గాలి ఆర్గాన్ పొరని చెదరగొడుతుంది, వెల్డులో సూది మొనంత బుడగలు పడతాయి. మీరు ఇచ్చిన రోజు ఫ్యాను పక్కకి తిప్పమని, లేదా ఉదయం తొమ్మిదింటికే వెల్డింగు మొదలుపెట్టమని అడగండి. వెల్డరుకి చల్లని మజ్జిగ తెప్పించి మధ్యలో విరామం ఇవ్వడం కూడా పనిలో భాగమే. ఎండకి అలసిన చెయ్యి నిలకడగా ఉండదు.

బేరింగు హౌసింగుల దగ్గర షెడ్డు కాస్త నిరాశపరిచింది. మేము వాడింది 15 లోపల, 26 బయట ఉన్న స్ఫెరికల్ బేరింగు, బయటి రింగు వెడల్పు 9. దీనికి హౌసింగు రంధ్రం 26 మీద సున్నా నుంచి 0.021 మి.మీ. లోపలే ఉండాలి. వాళ్లు వెల్డుకి ముందే 26కి బోర్ చేసేశారు. వెల్డు తర్వాత కొలిస్తే 0.1 నుంచి 0.15 మి.మీ. దాకా గుండ్రం తప్పింది. అలాంటి రంధ్రంలోకి బేరింగుని సుత్తితో కొడితే బయటి రింగు నలిగి బాల్ బిగుసుకుపోతుంది. నాలుగింటిని కోసేసి కొత్తవి వేయాల్సి వచ్చింది. సరైన వరస: ముందు 25.5కి రఫ్ బోర్, వెల్డు, ఆ తర్వాత చేతిని మిల్లింగ్ టేబుల్ మీద ఫిక్స్‌చర్‌తో సహా బిగించి బోరింగ్ హెడ్‌తో 26కి తేవడం. సర్‌క్లిప్ (బేరింగు జారిపోకుండా ఆపే స్ప్రింగు రింగు) గాడి కూడా అప్పుడే, 27.2 వ్యాసం, 1.3 వెడల్పు. ఇదంతా వాళ్లు చేయగలరు, చెబితేనే చేస్తారు. డ్రాయింగు మీద "ఫైనల్ బోర్ వెల్డింగు తర్వాతే" అని పెద్దక్షరాలతో రాయండి.

హౌసింగులో అంచు ఏ వైపు ఉండాలో కూడా గీతలో స్పష్టంగా ఉండాలి. షాక్ అబ్జార్బర్ కింది చేతి మీద ఉంటే రోడ్డు తోపుడు బేరింగుని పైకి నెడుతుంది. కాబట్టి కదలని అంచు పైన, సర్‌క్లిప్ కింద. తిరగేస్తే కారు బరువంతా 1.2 మి.మీ. సర్‌క్లిప్ మీద వేలాడుతుంది.

బ్రాకెట్లు ఇక్కడ చేయించకండి. చేత్తో కోసి, వంచి, తర్వాత డ్రిల్లు చేస్తారు, రెండు చెవుల రంధ్రాలు ఒకదానికొకటి ఎదురుగా రావు. జీడిమెట్లలో లేజర్ కటింగ్ చేసేవాళ్లు డీఎక్స్ఎఫ్ ఫైలు (కంప్యూటర్ డ్రాయింగు) ఇస్తే 3 మి.మీ. షీటులో పదహారూ ఒకే రకంగా కోసిస్తారు. బ్రాకెట్‌ని ఛాసిస్‌కి వెల్డు చేసేటప్పుడు చెవుల మధ్య స్పేసరు పెట్టి, బోల్టు బిగించి ఉంచాలి. లేకపోతే సందు మూసుకుపోయి తర్వాత రాడ్ ఎండ్ దూరదు. బోల్టు ఎప్పుడూ రెండు చెవుల మధ్యే ఉండాలి, ఒకే చెవికి వేలాడదీయకూడదు. బోల్టు సాదా భాగం రెండు చెవుల్లోనూ కూర్చునేంత పొడవుగా ఎంచుకోండి. థ్రెడ్డు చెవిలో పడితే రంధ్రాన్ని ఆకురాయిలా తినేస్తుంది. ఎం12, 8.8 గ్రేడ్, సుమారు 80 న్యూటన్ మీటర్లు, నైలాక్ నట్టు ఒకసారి విప్పితే కొత్తది.

పై చేతుల్లో క్యాంబర్ సర్దుకునే లెక్క: రెండు రాడ్ ఎండ్లనీ ఒక పూర్తి చుట్టు తిప్పితే 1.75 మి.మీ. జరుగుతుంది. జాయింట్ల మధ్య 230 మి.మీ. ఉన్న అప్‌రైట్‌కి అది 0.44 డిగ్రీ. అర చుట్టు 0.22. అంతకన్నా సన్నగా కావాలంటే బ్రాకెట్ దగ్గర షిమ్ములే (పలచని రేకు ముక్కలే) దారి. ఒక రాడ్ ఎండ్‌నే తిప్పితే క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే అప్‌రైట్ వాలే కోణం) కూడా మారిపోతుందని గుర్తుంచుకోండి.

చీలికలు చూడటం షెడ్డు పని కాదు. డైపెనెట్రెంట్ డబ్బాలు మూడు, క్లీనరు, ఎర్ర రంగు, తెల్ల డెవలపరు, కొనుక్కుంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. వెల్డుని శుభ్రం చేసి ఎర్ర రంగు కొట్టి పది నిమిషాలు ఆగి, గుడ్డతో తుడిచి, తెల్లది చల్లాలి. చీలిక ఉంటే తెలుపు మీద ఎర్ర గీత నెమ్మదిగా ఊరుతుంది. క్లీనరుని నేరుగా వెల్డు మీద కొట్టకండి, గుడ్డ మీద కొట్టి తుడవండి, లేకపోతే చీలికలోని రంగు కూడా కడుక్కుపోతుంది. ఎనిమిది చేతుల్లో ఎక్కడా గీత రాలేదు. ఒక ప్లగ్ వెల్డులో మాత్రం బుడగ చుక్క కనిపించింది, దాన్ని తీయించి మళ్లీ పోయించాం.

రంగు ఆ తర్వాతే. క్రోమ్ ప్లేటింగు వద్దు, జింకు ప్లేటింగు కూడా మూసిన ట్యూబుల్లో యాసిడ్ మిగులుతుంది కాబట్టి వద్దు. పౌడర్ కోటింగు చేయిస్తే ఓవెన్ 180 నుంచి 200 డిగ్రీలు ఉంటుంది, బేరింగులూ రాడ్ ఎండ్లూ ముందే తీసేయండి, బోర్లకీ థ్రెడ్లకీ మాస్కింగు వేయించండి. మందపు పౌడరు కింద చీలిక దాక్కుంటుంది. అందుకని లేత బూడిద రంగు పెయింటు పలచగా వేసుకోవడమే మేలని నా అభిప్రాయం, తుప్పు గీత వెంటనే కనిపిస్తుంది.

మాకు అయిన ఖర్చు: రెండు ఫిక్స్‌చర్లకు 15,000, చేతికి ఒక్కింటికి కోత, వెల్డింగు కలిపి 1,900, బంగు టర్నింగు 200, హౌసింగుకి ఫైనల్ బోరింగుతో 650. ట్యూబు, బేరింగులు, రాడ్ ఎండ్లు మనవే. బిల్లు కావాలంటే జీఎస్టీ అదనం. ఫిక్స్‌చర్‌కి అంత ఎందుకు అని బేరం ఆడితే వాళ్లు గుంజల్ని వెల్డు చేసిన చవక రకం ఇస్తామంటారు. అక్కడ మాత్రం తగ్గించుకోవద్దు. ఫిక్స్‌చర్ మన సొంతం, ఇంటికి తెచ్చుకోవచ్చు. ట్రాక్ మీద ఒక చేయి వంగితే మరోటి అదే కొలతకి చేయించుకోవడానికి అదే ఆధారం.

ట్రాక్ అని ఎందుకంటున్నానంటే, ఇలా ఇంట్లో కట్టిన కారుని రోడ్డు మీదికి తేవడానికి మన దగ్గర దారి లేనట్టే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చనివ్వదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. డోనర్ కారు ఆర్సీ పెట్టుకుని తిప్పేస్తామనుకోవద్దు. ట్రెయిలరు మీద చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాకుకో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో తీసుకెళ్లడానికి సిద్ధపడే ఈ పని మొదలుపెట్టాలి. మొదటి ట్రాకు రోజు పదేసి ల్యాపులకి ఒకసారి ఆగి లాక్ నట్ల మీద పెయింటుతో గీసిన గీత చెదిరిందేమో చూడండి.

సమయం విషయంలో రెండు వారాలంటే నాలుగు వారాలు పట్టింది. ఫార్మా షట్‌డౌన్ పని వస్తే మన పని పక్కన పెడతారు, అది వాళ్ల బతుకుతెరువు. జనవరిలో ఫార్ములా భారత్ (ఇంజినీరింగ్ విద్యార్థులు కట్టిన రేసు కార్ల పోటీ) ఉంటుంది కాబట్టి నవంబరు, డిసెంబరుల్లో ఇంజినీరింగ్ కాలేజీ టీములు ఇదే షెడ్డు ముందు వరస కడతాయి, ఆ రెండు నెలలూ కొత్త పని తీసుకోరు. ఫిబ్రవరిలో వెళ్లండి, ఎండ ముదరకముందే వెల్డింగు అయిపోతుంది. ఫోన్లో కొలతలు చెబితే వినరు. డ్రాయింగు రెండు కాపీలు, ట్యూబు, బ్రైట్ బార్, బేరింగు ఒకటి, రాడ్ ఎండ్ ఒకటి, ఎడమ ట్యాపు చేతిలో పట్టుకుని ఉదయం పదింటికి ముందే వెళ్తే మేస్త్రి దొరుకుతారు. ఆదివారం బంద్.